గ్రాహం కౌంటీ చచ్చిపోవడం లేదు

అమెరికా పటం తీసుకుని, జనాభా పెరిగిన కౌంటీలకు (మన జిల్లాల్లాంటివి) ఒక రంగు, తగ్గినవాటికి ఇంకో రంగు పూసి, పైన "పల్లె అమెరికా చచ్చిపోతోంది" అని రాసిన బొమ్మ ఒకటి ఈ మధ్య మా వాట్సాప్ గ్రూపులోకి మళ్లీ వచ్చింది. కింద కబుర్లు మామూలే. ఒకాయన "పోనీలెండి, మన ఊళ్లు మాత్రమే అనుకున్నా" అన్నాడు. ఇంకొకాయన, ఆంధ్రప్రదేశ్‌లో స్థానిక ఎన్నికల పోటీకి ఉన్న ఇద్దరు పిల్లల నిబంధనను 2024లో ఎత్తేసిన సంగతి తెచ్చి, పిల్లల్ని కనకపోతే రేపు మనకూ ఇదే గతి అని తేల్చేశాడు. ఆ పటంలో కాన్సస్ రాష్ట్రం పడమటి సగం దాదాపుగా తగ్గుదల రంగులోనే ఉంది. అందులో ఒక గడి నేను చాలాసార్లు కారులో దాటినదే. దాని పేరు గ్రాహం కౌంటీ. దాన్ని చావు జాబితాలో చూస్తే నాకు ఒప్పుకోబుద్ధి కాలేదు. గ్రూపులో వాదిస్తే తెగదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. నూరేళ్ల కిందట అక్కడ ఉన్న జనం ఆ నేల మొయ్యగలిగినదానికంటే ఎక్కువ. ఆ అంకెను అసలు అంకె అనుకుని అక్కణ్నుంచి కిందికి కొలుచుకుంటూ పోతే ఏ ఊరైనా మంచాన పడ్డట్టే కనిపిస్తుంది.

ముందు అంకెలు చెప్తాను. గ్రాహం కౌంటీ 1880 లెక్కల్లో 4,258 మంది. 1910లో 8,700. అదే గరిష్ఠం. 1930లో 7,772. దుమ్ము తుపాన్ల దశాబ్దం గడిచాక 1940లో 6,071. తర్వాత ఒక్క 1950-60 మధ్యనే కాస్త పెరిగింది, 5,020 నుంచి 5,586కి. అప్పట్లో అక్కడ చమురు బావుల పని ఊపుగా ఉండేది. మళ్లీ దిగుడే. 2000లో 2,946, 2010లో 2,597, 2020లో 2,415. కౌంటీ విస్తీర్ణం సుమారు 899 చదరపు మైళ్లు, అంటే విస్తరణకు ముందున్న జీహెచ్ఎంసీ లాంటివి మూడున్నర పడతాయి. చదరపు మైలుకు నిండా ముగ్గురు లేరు. నేనుండే జాన్సన్ కౌంటీ కూడా కాన్సస్‌లోదే, అక్కడ 2020లో 6 లక్షల 9 వేల పైచిలుకు. మనవాళ్లకు కాన్సస్ అంటే ఈ కౌంటీలోని ఓవర్‌ల్యాండ్ పార్క్ అపార్ట్‌మెంట్లు, గుడి, ఇండియన్ స్టోర్లు. అక్కణ్నుంచి ఐ-70 మీద పడమటికి పొద్దస్తమానం నడిపి, వాకీనీ దగ్గర 283 హైవే ఎక్కి ఉత్తరానికి తిరిగితే వచ్చేది ఇంకో దేశం.

నేను అటు వెళ్లడానికి కారణం మా బావ. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసిన డాక్టర్లు స్వదేశానికి వెళ్లి రెండేళ్లు ఉండకుండా ఇక్కడే కొనసాగాలంటే డాక్టర్లు దొరకని చోట మూడేళ్లు పనిచెయ్యాలి. కాన్రాడ్ వెయివర్ అంటారు, రాష్ట్రానికి ఏడాదికి ముప్పై. మనవాళ్లలో ఎంతోమంది ఈ దారిన మ్యాప్‌లో వెతుక్కుంటే తప్ప దొరకని ఊళ్లకు వెళ్లారు. బావకు దొరికింది గ్రాహం పక్కదే ఇంకో కౌంటీ. పేరు చెప్పను. ఆ ఆసుపత్రిలో ఉన్నదే ఇద్దరు డాక్టర్లు, చెబితే ఇట్టే తెలిసిపోతుంది.

వానను నమ్మి వచ్చిన జనం

పశ్చిమ రేఖాంశం 100 డిగ్రీల గీత గ్రాహం కౌంటీని కోసుకుంటూ పోతుంది. కౌంటీ కేంద్రం హిల్ సిటీ ఆ గీతకు కొంచెం తూర్పున, మార్లాండ్ అనే ఊరు కొంచెం పడమట. ఈ గీతకు అమెరికా చరిత్రలో పెద్ద పేరుంది. 1878లో జాన్ వెస్లీ పావెల్ అనే భూగర్భ శాస్త్రవేత్త ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో, ఇంచుమించు ఈ గీత దాటాక ఏడాదికి ఇరవై అంగుళాల వానైనా నమ్మలేం, ఇక్కడ తూర్పు పద్ధతి సేద్యం సాగదు అని చెప్పాడు. కౌంటీలో పడే సగటు వాన మన అనంతపురం జిల్లాలో పడేదానికి పెద్ద తేడా లేదు. అనంతపురం రైతుకు ఈ మాట ఇంకో రకంగా వివరించాల్సిన పని లేదు. సగటు అనేది కాగితం మీద ఉంటుంది, చేలో ఉండేది ఆ ఏడాది పడ్డ వానే.

అయినా, సేద్యం చేస్తామని వచ్చినవాళ్లకు ప్రభుత్వ భూమి పంచే 1862 హోమ్‌స్టెడ్ చట్టం కుటుంబానికి 160 ఎకరాలు అంది. కోనసీమలో పదెకరాలుంటే ఆసామి. నూట అరవై అంటే మనకు జమీ లెక్క. కానీ ఇలినాయిలో నూట అరవై ఎకరాలూ వంద డిగ్రీల గీత మీద నూట అరవై ఎకరాలూ ఒకటి కావు. పావెల్ మెట్ట మేత భూములకు కుటుంబానికి 2,560 ఎకరాలు కావాలన్నాడు, అంటే చట్టం ఇచ్చినదానికి పదహారు రెట్లు. అతని మాట కాంగ్రెస్‌లో ఎవరూ వినలేదు. భూములు అమ్మేవాళ్లు అప్పట్లో "నాగలి వెంటే వాన వస్తుంది" అని ప్రచారం చేశారు, నేల దున్నితే మబ్బులు పడతాయని. 1870ల చివర్లో, 80ల్లో కొన్నేళ్లు నిజంగానే మంచి వానలు పడ్డాయి. అంతే, జనం నమ్మేశారు.

నాకు ఒకరోజు సరదాగా ఒక లెక్క తట్టింది. 899 చదరపు మైళ్లను పావెల్ అన్నట్టు నాలుగేసి చదరపు మైళ్ల చొప్పున పంచితే 225 కుటుంబాలు. ఇంటికి ఐదుగురు అనుకుంటే పదకొండు వందల మంది పొలాల మీద. వాళ్లకు కావలసిన బడి, కొట్టు, ధాన్యం నిలవచేసే ఎలివేటర్, మెకానిక్ షెడ్డు, ఆసుపత్రి, కోర్టు నడపడానికి ఊళ్లలో ఇంకో వెయ్యో పన్నెండు వందలో. మొత్తం 2,415కి ఎంత దూరంలో ఉంది చూడండి! ఈ లెక్కను మరీ పట్టుకుని వేలాడకూడదని నాకు తెలుసు. పావెల్ 2,560 అన్నది అసలు ఎండు భూములకు, గీత మీద ఉన్న చోట అంతకంటే చిన్న కమతంతో గోధుమ పండించుకోవచ్చు. ఇప్పుడు ఇళ్లలో ఐదుగురు లేరు. కానీ 8,700 మాత్రం పావెల్ ఊహకైనా అందే అంకె కాదు.

దుమ్ము తుపాన్ల పదేళ్లలో కౌంటీ నుంచి 1,701 మంది తగ్గారు, వందకు ఇరవై ఇద్దరు. దీన్ని ప్రకృతి వైపరీత్యం అని పుస్తకాలు రాస్తాయి. వైపరీత్యమే, కాదనను. అయితే దున్నకూడని చోట గడ్డి పీకి దున్నించినవాళ్లు ఆ వైపరీత్యానికి యాభై ఏళ్ల ముందే పునాది వేశారు. 2012 జూన్ చివర్లో హిల్ సిటీలో 115 డిగ్రీల ఫారెన్‌హీట్ కొట్టింది, మన లెక్కలో 46. వరసగా కొన్ని రోజులు దేశం మొత్తంలో అక్కడే ఎక్కువ ఎండ. ఆ ఎండలో 160 ఎకరాలతో, నుయ్యి నీటితో, గుర్రాలతో కాపురం చెయ్యడం ఊహించుకోండి. వెళ్లిపోయినవాళ్లను చూస్తే నాకు జాలి వెయ్యదు. వాళ్లు తెలివిగలవాళ్లు.

ట్రాక్టరు, కంబైన్ వచ్చాక మిగతా లెక్క అదే సరిచేసుకుంది. హిల్ సిటీలో పెట్రోలు పోయించుకుంటుంటే ఒక ముసలి రైతు మాటల్లో పడ్డాడు. ఇప్పుడు ఆయన, ఆయన కొడుకు, కోతలప్పుడు ఒక కూలి మనిషి కలిసి చేసే పొలంలో వాళ్ల తాత కాలంలో పదకొండు ఇళ్లు ఉండేవట. పునాది రాళ్లు ఎక్కడెక్కడున్నాయో ఆయనకు తెలుసు, విత్తనాలు వేసేటప్పుడు చుట్టు తిప్పి పోనిస్తాడు. "ఆ పదకొండు ఇళ్లూ ఇప్పుడు ఉంటే బాగుండుననిపిస్తుందా?" అని అడిగాను. ఆయన నా వైపు అదోలా చూసి, "ఏం తిని బతుకుతారు?" అన్నాడు.

ప్రీ-లాంచ్ ఆఫర్

ఇక్కడితో ఆపేస్తే నా వాదన సుఖంగా ఉంటుంది. వాన ఎంతో జనం అంత, మిగతాది వాపు, వాపు దిగింది, కథ కంచికి. కానీ హిల్ సిటీ నుంచి 24వ నంబరు హైవే మీద తూర్పుకి పావుగంట నడిపితే నికోడెమస్ వస్తుంది. ఆ ఊరి ముందు ఈ వాదన అంత సాఫీగా సాగదు.

1877లో డబ్ల్యూ.ఆర్. హిల్ అనే తెల్ల భూవ్యాపారి, డబ్ల్యూ.హెచ్. స్మిత్ అనే నల్లజాతి పాస్టరు, ఇంకొందరు కలిసి ఒక కంపెనీ పెట్టారు. బానిసత్వం పోయి పన్నెండేళ్లయినా కెంటకీలో ఊపిరాడని నల్లజాతి కుటుంబాలకు కరపత్రాలు పంచారు. మంచి నేల, పుష్కలంగా నీళ్లు, మీ ఊరు మీదే. మన హైదరాబాద్ శివార్లలో వెంచర్ బ్రోచర్లు చూసినవాళ్లకు ఈ భాష కొత్త కాదు. ఎయిర్‌పోర్టుకు ఇరవై నిమిషాలు, పక్కనే రాబోయే రింగు రోడ్డు. ఆ సెప్టెంబరులో మూడు వందల మందికి పైగా వచ్చి దిగారు. దిగాక చూస్తే చెట్టు లేదు, ఇల్లు లేదు. కొన్ని కుటుంబాలు వెంటనే తిరుగుముఖం పట్టాయి. మిగిలినవాళ్లు నేల తవ్వుకుని అందులోనే ఉన్నారు. ఆ మొదటి చలికాలం, వేట ముగించుకుని పోతున్న ఓసేజ్ తెగవాళ్లు ఇచ్చిన మాంసంతో బతికారని అక్కడి వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

మరుసటి ఏడాది వసంతంలో వచ్చిన విలియానా హిక్‌మన్ తర్వాత చెప్పిన సంగతి ఒకటి ఉంది. బళ్ల మీద వస్తుంటే మగవాళ్లు "అదిగో నికోడెమస్" అని కేకేశారట. ఈవిడ ఎంత చూసినా ఊరు కనబడదు. ఎక్కడ అని అడిగితే భర్త నేలలోంచి లేస్తున్న పొగ చూపించాడు. ఆవిడ ఏడ్చేసింది.

అయినా నిలబడ్డారు. పదేళ్లలో చర్చిలు, బడి, హోటళ్లు, బ్యాంకు, రెండు వారపత్రికలు. ఆ ఊరివాడే ఎడ్వర్డ్ మెక్‌కేబ్ 1880లో కౌంటీ క్లర్కు అయ్యాడు, 1882లో తెల్లవాళ్ల ఓట్లే ఎక్కువున్న కాన్సస్ రాష్ట్రానికి ఆడిటర్‌గా గెలిచాడు. రెండేళ్లకు మళ్లీ గెలిచాడు. ఇదంతా వాన లెక్కలో పట్టే సంగతి కాదు. అదే వాన, అదే నేల, కానీ వీళ్లకు పోవడానికి ఇంకో చోటు లేదు. ఉన్నచోటే స్వేచ్ఛగా ఉన్నారు. ఆ లెక్క వేరు.

వాళ్లను దెబ్బ తీసింది కరువు ఒక్కటే అయితే నా వాదనకు అడ్డు ఉండేది కాదు. 1887లో మిస్సోరి పసిఫిక్ రైలు తమ ఊరి మీదుగా రావాలని నికోడెమస్ వాళ్లు ఆ కంపెనీకి సాయంగా 16,000 డాలర్ల బాండ్లు ఇవ్వడానికి ఓటేశారు. ఆ రైలు రానే లేదు. 1888లో యూనియన్ పసిఫిక్ వచ్చింది గానీ, పట్టాలు సాలమన్ నదికి అవతలి ఒడ్డున పడ్డాయి. అక్కడ కూలీల మకాం బోగ్ అనే ఊరైంది. నికోడెమస్ కొట్లవాళ్లు తమ కట్టడాలను కట్టడాలుగానే నది దాటించి బోగ్‌కు లాక్కుపోయారు. మెక్‌కేబ్ కూడా తర్వాత ఓక్లహోమా దారి పట్టాడు. కౌంటీ కేంద్రం మొదట మిల్‌బ్రూక్, 1887 సుడిగాలికి ఆ ఊరు కూలాక 1888లో హిల్ సిటీకి మారింది. హిల్ సిటీ అంటే ఎవరి పేరో మీరు ఈపాటికి పట్టేసి ఉంటారు. కరపత్రాలు పంచినాయన పేరున్న ఊరికి కోర్టు దక్కింది, ఆ కరపత్రం నమ్మి వచ్చినవాళ్ల ఊరికి పోస్టాఫీసు కూడా 1953 తర్వాత లేదు. బడి 1960లో మూశారు. ఇప్పుడు అక్కడ కాపురం ఉంటున్నవాళ్లు ఇరవై మంది ఉండరు.

అప్పుల సంగతి కూడా ఉంది. నల్లజాతి రైతులకు వ్యవసాయ శాఖ రుణాలివ్వడంలో వివక్ష చూపిందన్న పిగ్‌ఫర్డ్ కేసు 1999లో గానీ పరిష్కారం కాలేదు. దేశం మొత్తానికి సంబంధించిన కేసు అది. వాన కురవని ఏడాది బ్యాంకు నిలబెట్టిన రైతు నిలబడ్డాడు, నిలబెట్టనివాడు పక్కవాడికి అమ్ముకున్నాడు. గ్రాఫులో ఇద్దరూ ఒకటే గీత.

అంచేత నా మాటను కొంచెం సవరించుకుంటున్నాను. ఎంతమంది మిగలాలి అనేది చాలావరకు వానే తేల్చింది. ఎవరు మిగలాలి అనేది మాత్రం మనుషులు తేల్చారు, రైలు కంపెనీ గదుల్లో, బ్యాంకు బల్లల దగ్గర. మొదటిదానికి విచారించక్కర్లేదు. రెండోదాన్ని మొదటిదాని చాటున దాచేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

నికోడెమస్‌లో, జాతీయ పార్కులను చూసుకునే పార్కు సర్వీసు వాళ్ల ఆఫీసు పాత టౌన్‌షిప్ హాల్లో ఉంది. 1996 నుంచి ఇది జాతీయ చారిత్రక స్థలం. నేను మొదటిసారి వెళ్లినప్పుడు లోపల ఉద్యోగి ఒక్కరే, ఇంకో సందర్శకుడు లేడు. జూలై ఆఖరి వారాంతం వెళ్లి చూడండి. వెస్టిండీస్ బానిసలకు 1834 ఆగస్టు 1న విముక్తి వచ్చిన గుర్తుగా మొదలైన పండగ అది, ఇప్పుడు హోమ్‌కమింగ్ అంటారు. డెన్వర్ నుంచి, కాలిఫోర్నియా నుంచి వందల మంది దిగుతారు. ఆ వేళ ఎండలో మడత కుర్చీలు వేసుకుని కూర్చున్న ఒక పెద్దావిడ, పక్కన ఉన్న పదేళ్ల పిల్లవాడికి ఏ గోడ ఎవరిదో వేలు పెట్టి చూపిస్తోంది. వాడికి ఐస్‌క్రీమ్ మీదే ధ్యాస. సంక్రాంతికి మన ఊరి అరుగుల మీద కనిపించే దృశ్యమే. ఈ వందల మంది ఏ జనాభా లెక్కలోనూ గ్రాహం కౌంటీ వాళ్లు కారు.

బావ ఒప్పుకోడు

ఈ వాదనంతా ఒకసారి బావ ముందు పెట్టాను. చపాతీ తుంచుతూ విన్నాడు. "నీది ఇంజినీరు మాట. నీకు సగటు కావాలి, నా దగ్గరికి వచ్చేది ఒక్కొక్క మనిషి" అన్నాడు.

అతని బాధ ఇది. జనం సగమైనంత మాత్రాన ఆసుపత్రి ఖర్చు సగం కాదు. ఎక్స్‌రే మిషను ఒకటే, అది సగం మిషను కాలేదు. రాత్రి డ్యూటీకి నర్సు కావాలి, రోగి ఒక్కడు వచ్చినా, అసలు రాకపోయినా. ఇలాంటి కౌంటీల్లో చాలా ఆసుపత్రులు కాన్పులు చెయ్యడం మానేశాయి. ఏడాదికి పట్టుమని పది కాన్పులు లేని చోట చేతులకు అలవాటు తప్పుతుంది, అది తల్లికీ మంచిది కాదు. దాంతో నొప్పులు మొదలయ్యాక హేస్ లాంటి పెద్ద ఊరికి గంట ప్రయాణం. మంచు కురిసిన రాత్రయితే ఎంతసేపో చెప్పలేం. "కొత్తగా పెళ్లయిన జంట ఇది చూసి ఇక్కడ ఇల్లు కొంటుందా? కొనకపోతే వచ్చే లెక్కల్లో ఇంకో వంద తగ్గుతుంది. నువ్వు దాన్ని నేల తేల్చిన లెక్క అంటావు. నేను మా డెలివరీ రూము మూసెయ్యడం వల్ల అంటాను."

దీనికి నా దగ్గర ఉన్న జవాబు పూర్తి జవాబు కాదు. తగ్గుదల నెమ్మదిస్తోంది. 1990-2000 మధ్య గ్రాహం కౌంటీ వందకు పదిహేడు మందిని పోగొట్టుకుంది, తర్వాతి పదేళ్లలో పన్నెండు, ఆ తర్వాత ఏడు. గీత ఎక్కడో నిలబడబోతోందని నేనంటాను. ఒక్క దశాబ్దం చూసి జాతకం చెప్పకు అని బావ అంటాడు. అదీ నిజమే. పైగా 2020 లెక్కల్లో వాళ్ల కౌంటీ అంకెలో బావ, అక్క, మా మేనకోడలు ముగ్గురూ ఉన్నారు. వెయివర్ గడువు అయ్యాక విచిటా వెళ్లిపోయారు. ఊరివాళ్లు వీడ్కోలు విందు పెట్టి, మేనకోడలికి చేత్తో కుట్టిన బొంత ఇచ్చారు. ఎవరూ ఉండిపొమ్మని అడగలేదట. అడగకపోవడమే అక్కకు కష్టంగా తోచింది.

మూడేళ్లకొకసారి మారే డాక్టరుతో కౌంటీ నడుస్తుందా అంటే, ఇప్పటికైతే నడుస్తోంది. గ్రూపులో ఎవరైనా దీన్ని "బతకడం" అనరు, నాకు తెలుసు.

గుంపులో కలిపేద్దామనేవాళ్లు

1987లో ఫ్రాంక్, డెబొరా పాపర్ అనే దంపతులు, ఆయన న్యూజెర్సీలో పట్టణ ప్రణాళిక ప్రొఫెసరు, ఆవిడ భూగోళ శాస్త్రం చదువుతున్న మనిషి, ఒక వ్యాసం రాశారు. మహా మైదానాల్లో ఖాళీ అవుతున్న భాగాలను గడ్డి నేలగా వదిలి మళ్లీ అడవి దున్నలకు ఇచ్చేస్తే మేలని, బఫెలో కామన్స్ అని దానికి పేరు పెట్టారు. మైదానాలు భగ్గుమన్నాయి. అప్పటి కాన్సస్ గవర్నరు మైక్ హేడెన్ వాయవ్య కాన్సస్ బిడ్డే, గట్టిగా వెక్కిరించాడు. 2004లో అదే హేడెన్, నేనే తప్పు, పాపర్లు చెప్పింది జరిగింది అని బహిరంగంగా అన్నాడు. నాకు పాపర్ల లెక్క నచ్చుతుంది, మందు నచ్చదు. న్యూజెర్సీలో కూర్చుని ఎవరి ఊరు గడ్డికి వదలాలో చెప్పడం, అదే మైదానంలో ఎవరి ఊరికి రైలు వెయ్యాలో తూర్పున కూర్చుని తేల్చినవాళ్ల పనిలాగే అనిపిస్తుంది.

ఇంకో మందు కౌంటీలను కలిపెయ్యడం. కాన్సస్‌లో 105 కౌంటీలు ఉన్నాయి. రైతు గుర్రబ్బండి మీద కోర్టుకు వెళ్లి చీకటి పడేలోపు తిరిగి రావాలని అప్పట్లో గీసిన గడులు. ఇప్పుడు కార్లున్నాయి కదా, నాలుగు కలిపి ఒకటి చెయ్యండి, ఖర్చు తగ్గుతుంది అంటారు. వినడానికి బాగుంది. 1893లో గార్‌ఫీల్డ్ కౌంటీని ఫిన్నీలో కలిపేశారు కూడా. కానీ కౌంటీ పోతే పోయేది ఒక్క బోర్డు కాదు. హిల్ సిటీలో ఉన్న ఉద్యోగాల్లో కోర్టు, బడి, ఆసుపత్రి, రోడ్ల శాఖవే ఎక్కువ లెక్కలోకి వస్తాయి. వాటిని అరవై మైళ్ల అవతలికి మారిస్తే, రైలు నది దాటినప్పుడు నికోడెమస్‌కు జరిగిందే హిల్ సిటీకి జరుగుతుంది. మన దగ్గర ఉల్టా జరిగింది, తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రలో 13 కాస్తా 2022లో 26. కలెక్టరాఫీసు దగ్గరైతే ఊరి కేంద్రంలో టీ కొట్ల నుంచి స్థలాల రేట్ల దాకా ఏం మారుతుందో చూసినవాళ్లకు, దూరమైతే ఏం మారుతుందో విడిగా చెప్పక్కర్లేదు.

జనం తక్కువైతే గొంతు కూడా చిన్నదవుతుంది, అది నిజం. కాన్సస్ దిగువ సభలో 125 సీట్లు. సీటుకు ఇరవై మూడున్నర వేల జనం లెక్కన గ్రాహం కౌంటీకి వచ్చేది పదో వంతు సీటు, మా జాన్సన్‌కు పాతిక పైనే. ఓటు తలకు ఒకటి ఉండాలి, అందులో నాకు పేచీ లేదు. నా పేచీ డబ్బు గురించి. బడికి, ఆసుపత్రికి, రోడ్డుకు డబ్బు తలలు లెక్కపెట్టి ఇస్తే ఏ మైదానం కౌంటీ నిలవదు. మైళ్లు లెక్కపెట్టి ఇస్తే నిలుస్తుంది. ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు, సగం ఇప్పటికే ఉంది. పిల్లలు తక్కువున్న బడులకు కాన్సస్ తలకు ఎక్కువ డబ్బు కట్టిస్తుంది. అందుకే పదకొండు మంది దొరక్క ఎనిమిది మందితో ఫుట్‌బాల్ ఆడుకునే హైస్కూళ్లు ఇంకా తెరిచి ఉన్నాయి. 1997 నుంచి, పాతిక మంచాలకు మించని దూరపు ఆసుపత్రులకు, ముసలివాళ్ల కోసం కేంద్రం నడిపే ఆరోగ్య బీమా మెడికేర్, అయిన ఖర్చును బట్టి చెల్లిస్తుంది. ఇలాంటి ఆసుపత్రులు దేశంలో అన్నిటికంటే ఎక్కువున్నది కాన్సస్‌లోనే.

2023 నుంచి ఇంకో పద్ధతి వచ్చింది. ఆసుపత్రి తన ఇన్‌పేషెంట్ మంచాలను వదులుకుని, ఎమర్జెన్సీ మాత్రం ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉంచితే ఏటా విడిగా డబ్బిస్తారు. ఈ షరతు నాకు నచ్చలేదు. మంచాలు పోయిన ఆసుపత్రిని ఊరివాళ్లు ఎన్నాళ్లు ఆసుపత్రి అంటారు, ముసలాయనకు న్యుమోనియా వస్తే రెండు రాత్రులు పడుకోబెట్టుకోవడానికి కూడా లేకపోతే? బావ మాత్రం తీసుకోవలసిందే అంటాడు. వాళ్ల దగ్గర ఏ రోజు చూసినా నాలుగైదు మంచాలకు మించి నిండేవి కావట, గుండెపోటు వచ్చినవాడికి మొదటి గంటలో కావలసింది మంచం కాదు, తలుపు తెరిచి ఉండటం అంటాడు. ఆ తలుపు దగ్గర రాత్రుళ్లు మేలుకుని ఉన్నది అతను, నేను కాదు. అందుకని ఈ ఒక్క విషయంలో పట్టుబట్టడం లేదు.